బస్తా కింద గాలి

అది పాత పెంకుటిల్లు. మట్టి గోడలు. ఇంటికి మరమ్మతు జరుగుతోంది. లోపలి గదిలో ఎప్పుడూ చెమ్మే. నేల మీద పెట్టిన వేరుశనగ బస్తా తీసి చూస్తే అడుగున బూజు!

"వేయించుకు తింటే పోదా?" అంది అత్త.

"వద్దత్తా. బూజు పట్టిన గింజలో విషం పుడుతుంది. వేయించినా పూర్తిగా పోదు. కాలేయం చెడుతుంది."

"పోనీ, గేదెకు పెడదాం."

"గేదె తింటే ఆ విషం పాలల్లోకి వస్తుంది" అంది కోడలు.

అత్త నిట్టూర్చింది. "మేస్త్రీ! గోడలకు సిమెంటు పూసెయ్యి."

"పూస్తే చెమ్మ పోదమ్మా. నేలలోని తడిని మట్టి గోడ పీలుస్తుంది. సిమెంటు పూస్తే ఆ తడి ఆరే దారి ఉండదు. గోడ మెత్తబడుతుంది. గాలి ఆడాలి" అన్నాడు మేస్త్రి.

ముందు చూరు నీళ్లు గోడ పక్కన నిలవకుండా కాలువ తీశారు. ఎదురెదురు గోడల్లో, నేలకు జానెడు ఎత్తున కంతలు పెట్టారు. ఎలుకలు దూరకుండా ఇనుప జాలీ బిగించారు. లోపల మూరెడు ఎత్తు రాళ్లు పేర్చారు. వాటి మీద సందులు వదిలి చెక్కలు పరిచారు. బాగా ఎండిన గింజల బస్తాలను గోడకు తగలకుండా చెక్కల మీద పెట్టారు. ఇప్పుడు ఒక కంతలో దూరిన గాలి చెక్కల కింద నుంచి రెండో కంతలోకి పోతుంది. చెమ్మను వెంట తీసుకుపోతుంది.

మీ ఇంట్లో బస్తా కింద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలిందా? గాలి పోయే దారి ఉందా?