ఆశకు ఆధారాలు

హిందీ వ్యాసాలను తెలుగులోకి అనువదించేటప్పుడు 'ఏడ్స్ పీడిత్' అనే మాట తరచుగా ఎదురవుతుంది. దానికి 'ఎయిడ్స్ బాధితుడు' అని వ్రాయడం సులభం. అందులో భాషాదోషమేమీ లేదు. కాని ఆ మాట ఎవరినుద్దేశించినదో వారే దానిని అంగీకరించలేదు. 1983లో అమెరికాలోని డెన్వర్ నగరంలో సమావేశమైన కొందరు వ్యాధిగ్రస్తులు తమను బాధితులని పిలవవద్దని, ఆ పదంలో ఓటమి ధ్వనిస్తున్నదని ప్రకటించారు. తాము ఎయిడ్స్ ఉన్న మనుషులమని అన్నారు. 'హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు' అనే నేటి ప్రయోగం వెనుక ఉన్నది ఆ ఆలోచనే.

ఆ నాటికి ఈ వ్యాధికి మందు లేదు. అయినా వారు తమను జీవించేవారి లెక్కలోనే వేసుకొన్నారు. ఆ ఆశ దేనిపై నిలబడింది? మన దేశంలో దానికి ఆధారాలు ఎలా ఏర్పడ్డాయి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భయం ఏలిన రోజులు

భారతదేశంలో ఈ వైరస్ ఉనికి 1986లో బయటపడింది. మద్రాసు వైద్య కళాశాల ఆచార్యురాలు డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ సెల్లప్పన్ నిర్మల చేసిన పరిశోధన దీనిని వెల్లడించింది. వ్యాధిని గూర్చిన జ్ఞానం కంటె భయం వేగంగా వ్యాపించింది. 1989లో గోవాలో రక్తదాత అయిన డొమినిక్ డిసౌజా అనే యువకునికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలగానే, అక్కడి ప్రజారోగ్య చట్టం క్రింద ఆయనను నిర్బంధించి 64 రోజులు ఒంటరిగా ఉంచారు. ఆయన తల్లి లూసీ డిసౌజా హైకోర్టును ఆశ్రయించారు. ఆయన విడుదలయ్యారు గాని, ఒంటరిగా నిర్బంధించే అధికారాన్ని న్యాయస్థానం కొట్టివేయలేదు. 1992లో, తన మరణానికి కొంతకాలం ముందు, ఆయన తనవంటివారికోసం 'పాజిటివ్ పీపుల్' అనే సంస్థను నెలకొల్పారు.

ఈ వృత్తాంతంలో గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. తాను కోలుకొంటానన్న నమ్మకంతో ఆయన ఆ పని చేపట్టలేదు. తాను అనుభవించిన ఒంటరితనం మరొకరికి రాకూడదన్న తలంపే ఆయనను నడిపించింది. తన ఆయుర్దాయంతో నిమిత్తం లేని ఇటువంటి ఆశ అన్నిటికంటె దృఢమైనది.

తోడు

1997లో చెన్నైలో 12 మంది కలసి హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారి అఖిల భారత సమాఖ్యను స్థాపించారు. వ్యాధి ఉన్నవారే సాటివారికి ధైర్యం చెప్పడం, మందుల గురించి తెలియజేయడం, ఆసుపత్రికి వెంట వెళ్ళడం ఇటువంటి సంఘాల పని. "నాకూ ఉన్నది, నేను పని చేసుకొంటున్నాను" అని ఎదుట కూర్చున్న మనిషి చెప్పే మాటకు వంద ఉపన్యాసాలకు లేని బలం ఉంటుంది.

అదే సంవత్సరం బొంబాయి హైకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. ఒక ప్రభుత్వరంగ సంస్థలో రోజుకూలీగా పనిచేస్తున్న వ్యక్తిని రక్తపరీక్ష ఫలితం కారణంగా పనినుంచి తొలగించారు. పని చేయగల శక్తి ఉండి, తోటివారికి చెప్పుకోదగిన ప్రమాదం లేనప్పుడు, కేవలం హెచ్.ఐ.వి. ఉన్నదన్న కారణంతో ఉపాధి నిరాకరించరాదని న్యాయస్థానం నిర్ణయించింది. ఆ కూలీ పేరు తీర్పులో కనిపించదు. పేరు దాచుకొని పోరాడే వీలును న్యాయస్థానమే ఆయనకు కల్పించింది.

మందు

1996 నాటికి మూడు మందులను కలిపి వాడే చికిత్స వచ్చింది. హెచ్.ఐ.వి. శరీరంలోని రక్షణ కణాలలో చేరి, వాటిని వాడుకొని తన సంతతిని పెంచుకొంటుంది. ఈ మందులు ఆ పెరుగుదలను ఆపుతాయి. రక్షణ కణాలు మళ్ళీ వృద్ధి చెందుతాయి. అయితే వైరస్ పూర్తిగా నశించదు. కొన్ని కణాలలో అణగి ఉంటుంది. మందు మానితే తిరిగి విజృంభిస్తుంది. అందువల్ల జీవితాంతం క్రమం తప్పక మందు వాడవలసిందే.

తొలిరోజులలో ఈ చికిత్సకు ఏడాదికి 10,000 డాలర్లకు పైగా ఖర్చయ్యేది. 2001లో భారతీయ సంస్థ సిప్లా దానిని రోజుకు ఒక డాలరుకంటె తక్కువ ధరకు ఇవ్వజూపడంతో పేదదేశాలకు దారి ఏర్పడింది. 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం ఉచిత చికిత్సను 8 ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రారంభించింది. ఆనాడు వ్యాధి అధికంగా ఉన్న రాష్ట్రాలుగా ఎంపికైన ఆరింటిలో మణిపూర్, నాగాలాండ్, తమిళనాడులతోపాటు అవిభక్త ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. 2017 నుంచి వ్యాధి నిర్ధారణ అయిన ప్రతివారికీ, రక్షణ కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, చికిత్స అందించే విధానం అమలులోకి వచ్చింది.

మందు సక్రమంగా వాడి రక్తంలో వైరస్ పరీక్షకు అందని స్థాయిలో నిలిచినవారినుంచి లైంగిక సంబంధం ద్వారా వ్యాధి సోకదని నేడు నిర్ధారణ అయింది. తల్లి సకాలంలో చికిత్స పొందితే బిడ్డకు సోకే అవకాశం 5 శాతం లోపునకు తగ్గుతుంది. అంటే వివాహం, సంతానం, ఉద్యోగం వారికి నిషిద్ధాలు కావు.

ఇక్కడ ఆశ వైద్యంలో భాగమవుతుంది. ఆశ వైరస్‌ను చంపదు. చంపుతుందని చెప్పి పసరు మందులు అమ్మేవారు మోసగాళ్ళు. కాని రేపటిపై నమ్మకం లేనివాడు ఈనాటి మాత్ర వేసుకోడు. నిరాశలో పడినవారు మందు తప్పుతారు. మందు తప్పితే వైరస్ దానికి లొంగని రూపం సంతరించుకొంటుంది. మాత్ర రేపటిని ఇస్తుంది. రేపటిపై ఆశ మాత్రను గుర్తు చేస్తుంది.

చట్టం

2017లో పార్లమెంటు ఆమోదించిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చింది. విద్య, ఉద్యోగం, వైద్యం, అద్దె ఇల్లు మొదలైన విషయాలలో వివక్షను అది నిషేధించింది. సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదని, ఒకరి వ్యాధిని గురించి ఇతరులకు వెల్లడించరాదని నిర్దేశించింది. భర్తను కోల్పోయిన స్త్రీని వ్యాధి పేరుతో అత్తింటినుంచి వెళ్ళగొట్టకుండా, ఉమ్మడి నివాసంలో ఉండే హక్కును గుర్తించింది.

ఆ చట్టంలో మరొక నిబంధన మనసును తాకుతుంది. 12 ఏళ్ళు నిండి 18 ఏళ్ళలోపు వయస్సు గలవారు, తగిన పరిపక్వత కలిగి, వ్యాధి ప్రభావానికి లోనైన తమ కుటుంబ వ్యవహారాలు చూసుకొంటున్నట్లయితే, తమ చిన్న తోబుట్టువులకు సంరక్షకులుగా వ్యవహరించవచ్చు. తమ్ముణ్ణి బడిలో చేర్పించడానికి, ఆసుపత్రికి తీసుకొని వెళ్ళడానికి అక్క సంతకం చెల్లుతుంది. తల్లిదండ్రులు లేని ఇంట్లో అంతవరకు ఆ పిల్ల మోస్తున్న బరువును చట్టం చూసింది. దానికి విలువ ఇచ్చింది.

మన కర్తవ్యం

మద్రాసు ప్రయోగశాల, గోవాలోని ఒక తల్లి, బొంబాయిలోని పేరు తెలియని కూలీ, చెన్నైలో కలసిన 12 మంది: వీరి భాషలు వేరు, ప్రాంతాలు వేరు. కాని ఒకచోట వేసిన అడుగు మరొకచోటివారికి దారి అయింది. ఆశకు నిజమైన ఆధారాలు ఇవే. మందును ప్రభుత్వం ఇవ్వగలదు, హక్కును చట్టం ఇవ్వగలదు. ప్రక్క బల్లపై కూర్చొన్న సహాధ్యాయిని తోటి మనిషిగా చూడడం మాత్రం మన చేతిలోనే ఉన్నది. ఆ పనికి మొదటి మెట్టుగా, వారిని ఏ మాటతో పిలుస్తున్నామో ఒకసారి ఆలోచించుకొందాం.