వాణిజ్య న్యాయవాది కావాలంటే ఏం చదవాలి?

తమ్ముళ్ళూ! లాయరు అనగానే మనకు బోను, ముద్దాయి, సినిమాలోని వాదనలే గుర్తుకొస్తాయి. కానీ వ్యాపారుల ఒప్పందాలు రాసేవారు, బ్యాంకుల బకాయిల దావాలు నడిపేవారు, కంపెనీల తగాదాలు చూసేవారు కూడా లాయర్లే. వీరే వాణిజ్య న్యాయవాదులు. షావుకార్ల పిల్లలకే ఈ పని చెల్లుతుందని మన హాస్టళ్ళలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

ఈ వృత్తికి వేరే లైసెన్సు లేదు. ఇంటర్ తర్వాత 5 ఏళ్ళు గాని, డిగ్రీ తర్వాత 3 ఏళ్ళు గాని లా చదివి, 1961 న్యాయవాదుల చట్టం కింద బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని, ఆల్ ఇండియా బార్ పరీక్ష పాసవ్వాలి. మన కాలేజీలకు లాసెట్, నల్సార్ వంటి జాతీయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ రాయాలి.

తేడా అంతా చదివే పుస్తకాలలో ఉంది. 1872 కాంట్రాక్టు చట్టం, 1932 భాగస్వామ్య చట్టం, 2013 కంపెనీల చట్టం, 2016 దివాలా స్మృతి ముఖ్యమైనవి. వీటికి లెక్కల పుస్తకం చదవడం తోడు కావాలి. బ్యాలెన్స్ షీటు అర్థం కాని లాయరు కంపెనీ కేసులో సగం గుడ్డివాడే. ఇంటర్లో సి.ఇ.సి. తీసుకున్నవారిని చిన్నచూపు చూస్తారు గాని, ఇక్కడ వారిదే ముందడుగు.

ఉదాహరణకు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, సెక్షన్ 138 చూడండి. చెక్కు బౌన్సయిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆపైన నెలలోగా కోర్టులో ఫిర్యాదు చేయాలి. నోటీసు ఆలస్యమై, చెక్కు గడువు 3 నెలలు కూడా తీరిపోతే ఈ సెక్షన్ కింద కేసు ఉండదు, సివిల్ దావాయే గతి. ఇక్కడ వాక్చాతుర్యం కన్నా క్యాలెండరే ముఖ్యం.

అదే చట్టం మన ఇళ్ళలోకీ వస్తుంది. మా నాన్న ఎరువుల అప్పుకు ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేశారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఎం.కాం.లో సెక్షన్ 20 చదివాకే నాకు తెలిసింది: స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇస్తే, ఆ స్టాంపుకు తగిన మొత్తం వరకు రాసుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఇచ్చినట్టేనట!

అంబేద్కర్ గారు కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివి, లండన్‌లో బారిష్టరై వచ్చారని మీకు తెలుసు. ఆయన 1925 నుండి 1928 వరకు బొంబాయిలోని బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం పాఠాలు చెప్పారన్నది తక్కువమందికి తెలుసు. ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం రెండూ ఉన్నవారికి ఆ పాఠం సహజమే కదా!

ఇక ఖర్చు సంగతి. బార్ కౌన్సిల్ నమోదు ఫీజు కొన్ని రాష్ట్రాలలో వేలల్లో ఉండేది. చట్టంలో ఉన్నట్టే జనరల్ వారికి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్టాంపు ఖర్చు, బార్ పరీక్ష ఫీజు వేరు. జూనియరుగా చేరిన కొత్తలో చేతికొచ్చేది తక్కువే. కామర్స్ తెలిసినవారు చిన్న దుకాణాల జి.ఎస్.టి. నోటీసులకు జవాబులు రాస్తూ ఆ రోజులు నెట్టుకురావచ్చు.