డీజిల్ మిగిల్చే మెకానిక్‌కు సీమలో గిరాకీ

యర్రగుంట్ల సిమెంటు, బేతంచెర్ల బండలు, మంగంపేట ముగ్గురాయి... ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల నుంచి ఏ సరుకు కదలాలన్నా లారీ కావాల్సిందే. వీటికి తోడు క్వారీల్లో టిప్పర్లు, ఊరూరా బోరు లారీలు. యజమాని ఎవరైనా మెకానిక్‌ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: 'మైలేజీ ఎందుకు రావడం లేదు?'

కర్నూలు నుంచి కడపకు సుమారు 200 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ 50 లీటర్లు తాగుతుంది. అదే 4.2 ఇస్తే రెండు లీటర్లకు పైగా మిగులుతుంది. చూడటానికి చిన్న లెక్కే. కానీ నెలంతా తిరిగే బండికి, పది బండ్లున్న యజమానికి ఆ మిగులే కిస్తీ కట్టిస్తుంది. ఈ తేడా తెచ్చి చూపగలిగిన కుర్రాడికి పని కరవు ఉండదు.

అయితే ఇక్కడే చాలామంది దారి తప్పుతున్నారు. పెద్ద టర్బో వేస్తే, బూస్టు పెంచితే, ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ ఈసీయూలో ప్రోగ్రాం మారిస్తే మైలేజీ దానంతటదే పెరుగుతుందన్న ప్రచారం నమ్మి, అదే అసలు విద్య అనుకుంటున్నారు. టర్బో పనితీరు తెలిస్తే ఈ భ్రమ పోతుంది. సిలిండర్ల నుంచి బయటికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకు రెండో చివరన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. నిమిషానికి లక్ష చుట్లు తిరగడం చిన్న టర్బోలకు మామూలే. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నారు. వృథాగా పోయే శక్తిని పనికి పెట్టడం వల్ల చిన్న ఇంజిన్ పెద్ద ఇంజిన్ పని చేస్తుంది. మైలేజీ లాభం అక్కడి నుంచే వస్తుంది. కానీ డీజిల్ ఇంజిన్ మామూలు లోడులో అవసరానికి మించే గాలి పీలుస్తుంది. దానికి ఇంకా గాలి ఎక్కిస్తే డీజిల్ తగ్గదు. పైగా పెద్ద టర్బో తక్కువ వేగంలో ఆలస్యంగా అందుకుంటుంది. నల్లపొగ, పికప్ లేకపోవడం, మాటిమాటికీ గేరు దించడం... ఉన్న మైలేజీ కూడా పోతుంది.

టర్బో మార్చి ఇంధనం మిగిల్చిన అసలైన ఉదాహరణ మన సీమ పట్టాల మీదే తిరిగింది. గుత్తి డీజిల్ షెడ్డు నుంచి నడిచిన ఆల్కో రకం రైలింజన్లు అందరికీ తెలిసినవే. వాటిలో డబ్ల్యూడీఎం-2 రకానికి 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్డీఎస్ఓ ఈ రకం ఇంజిన్లకు ఎక్కువ సామర్థ్యమున్న కొత్త టర్బోలు పెట్టించింది. ఒక్క టర్బోతో సరిపెట్టలేదు. ఫ్యూయల్ పంపు మార్చారు, క్యామ్‌షాఫ్టు మార్చారు, గాలిని చల్లబరిచే ఆఫ్టర్‌కూలర్‌ను పెద్దది చేశారు. నాలుగూ ఒకదానికొకటి కుదిరేలా టెస్ట్ బెడ్ మీద కొలిచి చూశాకే పట్టాలెక్కించారు. ఇదే కుటుంబంలో తర్వాత వచ్చిన డబ్ల్యూడీఎం-3ఏ 3100 హార్స్‌పవర్‌కు చేరింది. రోడ్డుపక్క షెడ్డులో ఇంత కొలత కుదరదు.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో టర్బో, ఈజీఆర్, పొగ ఫిల్టరు, యాడ్‌బ్లూ అన్నీ సెన్సార్లతో ముడిపడి ఉంటాయి. ఒకటి కదిలిస్తే మిగతావి మొరాయిస్తాయి.

మరి నేర్చుకోవాల్సిందేమిటి? కంపెనీ ఇచ్చిన మైలేజీని తిరిగి రప్పించడం. సీమలో ఈ పనికి అంతు లేదు. వేసవిలో 42 డిగ్రీల ఎండకు, 25 డిగ్రీలప్పటితో పోలిస్తే గాలి సాంద్రత దాదాపు 5 శాతం తగ్గుతుంది. ఇంటర్‌కూలర్ రెక్కల్లో సున్నపురాయి దుమ్ము పేరుకుంటే లోపలికి వెళ్లే గాలి ఇంకా వేడెక్కుతుంది. చాలామంది ఎయిర్ ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టి దులుపుతారు, లేదా ఎక్కువ ప్రెషర్‌తో గాలి కొడతారు. ఫిల్టర్ కాగితం చిరిగి సన్నటి దుమ్ము లోపలికి పోతుంది, కంప్రెసర్ రెక్కల అంచులను అరగదీస్తుంది. కడప నుంచి ఘాట్ ఎక్కి గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆపిన డ్రైవరు వెంటనే ఇంజిన్ ఆపేస్తే, కాగుతున్న టర్బోకు ఆయిల్ అందదు. బేరింగు దగ్గరి ఆయిల్ మాడి గడ్డకడుతుంది. రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచమని చెప్పడం కూడా మెకానిక్ పనే.

టర్బో బాగుందో లేదో చూడటానికి ముందుగా ఇంజిన్ చల్లారనివ్వాలి. గాలి పైపు ఊడదీసి, కంప్రెసర్ చక్రం మధ్యనున్న నట్టును రెండు వేళ్లతో పట్టి కదపాలి. పక్కలకు కాస్త ఆడితే భయం లేదు, ఆయిల్ పొర కోసం ఆ సందు ఉండాల్సిందే. ముందుకూ వెనక్కూ ఆడినట్టు చేతికి స్పష్టంగా తెలిసినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనబడినా విప్పాల్సిందే. హోస్ క్లాంపు దగ్గర నల్లటి జిడ్డు మరక ఉంటే అక్కడ బూస్టు లీకవుతున్నట్టు అనుమానించాలి. వేల రూపాయల టర్బో మార్చబోయే ముందు ఆ క్లాంపు చూడాలి.

చదువు విషయానికొస్తే, పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. నా సలహా రెండోదే. సెన్సార్లు, వైరింగు లేకుండా నేటి డీజిల్ బండి అర్థం కాదు. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ తప్పకుండా చేయండి. ఆర్టీసీ తీసుకునే అప్రెంటిస్‌లకు కర్నూలు బళ్లారి చౌరస్తాలోని సంస్థ శిక్షణ కళాశాల కేంద్రం. ఎంపిక ఐటీఐ మార్కుల మీద ఆధారపడుతుంది కాబట్టి మార్కులను చులకన చేయకండి. ఒక్కో బస్సుకు కేఎంపీఎల్ (లీటరుకు కిలోమీటర్లు) లెక్క రాసే డిపోలో ఏడాది గడపడం మైలేజీ విద్యకు మంచి పునాది. పాలిసెట్‌తో డిప్లొమా, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాది దారులూ ఉన్నాయి. పెనుకొండలో కియా, శ్రీసిటీలో ఇసుజు, చెన్నైలో టర్బోలు తయారుచేసే పరిశ్రమ మనకు దూరమేమీ కాదు. నిజంగా టర్బో డిజైన్, కాలిబ్రేషన్ చేయాలనుంటే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరిశోధన సంస్థలను దృష్టిలో పెట్టుకుని చదవండి.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి కదా అన్న సందేహం సహజం. భారీ లారీల్లో, బోరు యంత్రాల్లో డీజిల్ ఇప్పుడప్పుడే పోదు. పైగా పెట్రోలు కార్లకూ టర్బోలు వచ్చేశాయి.

ఈ వారమే మొదలుపెట్టండి. తెలిసిన లారీ ఒకటి ఎంచుకుని, ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ట్యాంకు నింపించి కిలోమీటర్లు రాసుకోండి. తిరిగి వచ్చాక మళ్లీ నింపించి భాగించండి. లోడు, దారి, టైర్లలో గాలి కూడా పక్కన రాయండి. పని అడగడానికి షెడ్డుకు వెళ్లినప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఆ నోటుపుస్తకమూ చూపించండి.