ఋణరక్షణ శాసనములు - వాని దూరఫలితములు



రైతునకు ఆపద వచ్చినపుడు మూడు వస్తువులు కావలసియుండును: చేతికి కొంత సొమ్ము, తలదాచుకొనుటకు ఇల్లు, న్యాయస్థానములో తన పక్షమున మాటలాడుటకు ఒక మనిషి. ఈ మూటికిని సంబంధించిన శాసనములు అప్పుడప్పుడు మాఱుచుండును. మాఱినపుడు మనము మేలు జరిగెననియో, కీడు జరిగెననియో చెప్పుకొని ఊరకుందుము. చెఱువు తూము మూసినచో నీరు గట్టున బలహీనమైన చోటును వెదకికొనును గదా! ఋణవ్యవహారమును అట్టిదే. ఒకచోట కట్టుదిట్టము చేసిన మఱియొక త్రోవ పట్టును. ఆ త్రోవ యేదో కనిపెట్టవలసిన భారము సంఘ సభ్యులపైనను, విశేషించి పంచాయతీదారులపైనను గలదు. కావున ఈ మాసపు పాఠమునకు ఈ విషయమును గైకొంటిమి.

మొదటి వృత్తాంతము బొంబాయి రాజధానిలోని పూనా, అహమ్మదునగరు జిల్లాలది. 1859వ సంవత్సరపు కాలపరిమితి శాసనము, రిజిస్టరు కాని సాధారణ ఋణపత్రమునకు 3 సంవత్సరముల గడువు నేర్పరచెను. పాత పత్రములు తాతలనాటివి బయటికి తీసి రైతును వేధింపకుండుటకే యిట్టి గడువు. ఉద్దేశము మంచిదే. కాని జరిగినదేమి? గడువు తీరకమునుపే సాహుకారు రైతును పిలిచి, అంతవరకైన వడ్డీని అసలులో కలిపి, క్రొత్త పత్రము వ్రాయించుకొనుట వాడుకయ్యెను. లెక్క చూడుడు. నూరు రూపాయలు నెలకు నూటికి 2 రూపాయల వడ్డీకి తీసికొన్న రైతు ఏమియు చెల్లింపనిచో, 9 సంవత్సరములకు సాధారణ వడ్డీతో 316 రూపాయలు బాకీపడును. ప్రతి మూడవయేట పత్రము తిరుగవ్రాసినచో మొదట 172, పిమ్మట 295, తొమ్మిదవయేట 508 రూపాయల పైచిలుకు. శాసనము రైతుమేలు కోరినది. దాని మూలముననే బాకీ మఱి దాదాపు రెండువందలు పెరిగినది.

అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు అంతర్యుద్ధము జరుగుటచే మనదేశపు ప్రత్తికి ధర విపరీతముగా పెరిగి, ఆ ప్రాంతమున అప్పులు సులభముగా పుట్టెను. యుద్ధము ముగిసిన పిదప ధర పడిపోయెను. శిస్తు మాత్రము పెరిగెను. సాహుకార్లు చేయి ముడుచుకొనిరి. 1875 మే 12వ తేదీన పూనా జిల్లాలోని సూపే గ్రామమున రైతులు సాహుకార్ల యిండ్లపై బడిరి. వారు ముఖ్యముగా వెదకినది ఋణపత్రములను, దొరికినవానిని తగులబెట్టిరి. ఈ అల్లరులు ఇతర గ్రామములకును వ్యాపింపగా, ప్రభుత్వమువారు విచారణసంఘమును నియమించి, 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయశాసనమును చేసిరి. ఇకమీదట న్యాయాధికారి పత్రములోని అంకెను నమ్మి డిక్రీ యివ్వరాదు. అప్పు పుట్టినది మొదలు దాని చరిత్రనంతయు విచారింపవలెను. బాకీకై రైతును చెఱసాలకు పంపుటయు మాన్పబడెను.

ఇంతవఱకు బాగే. కాని సాహుకారునకు ఇపుడు తనఖా పత్రము పనికిరానిదయ్యెను. అది కోర్టుకు పోయిన లెక్కలన్నియు బయటబడును. అందుచే అతడు తనఖా మానివేసి, ఏకముగా విక్రయపత్రమునే వ్రాయుమనెను. "బాకీ తీరిన పిమ్మట భూమి నీకు తిరిగి వ్రాసెదను" అని నోటిమాట. పత్రములో నున్నది శుద్ధక్రయము. వ్రాతకు విరుద్ధముగా నోటిమాటను సాక్ష్యముగా స్వీకరించుటకు సాక్ష్యశాసనము అడ్డు. రైతు తన పొలమునే తాను కౌలుకు దున్నుచు, అది తనఖాయే యని నమ్మియుండెను. ఈ లోపమును గుర్తించి, వ్యవహారముయొక్క నిజస్వరూపమును విచారించుటకు కోర్టులకు అధికారమిచ్చు సవరణను పిమ్మట చేసిరి. అంతలో చేతులు మాఱిన భూములు ఎన్నియో! రైతును కాపాడ వచ్చిన శాసనమే అతని పొలమును తనఖానుండి క్రయములోనికి త్రోసినదన్న మాట తలచుకొన్నపుడెల్ల మనస్సు చివుక్కుమనును. శాసనకర్తలు సాహుకారు పత్రమును చదివిరే గాని, రేపతడు ఏ పత్రము వ్రాయించునో ఊహింపలేదు.

అప్పిచ్చువానిని కట్టివేసిన చాలదు, అప్పు పుట్టు మఱియొక చోటును కల్పింపవలెనను ఆలోచన ఆ కాలముననే బలపడెను. చెన్నపురి ప్రభుత్వమువారు నియమించిన ఫ్రెడరిక్ నికల్సన్ గారు 1895లోను, 1897లోను తమ నివేదికలను సమర్పించి, జర్మనీలోని రైఫైజెన్ సంఘములవంటివి మనకు తగునని సూచించిరి. 1904 నాటి సహకార పరపతి సంఘముల శాసనము ఆ వరుసలోనిదే.

చెన్నపురి రాజధానిలో 1938వ సంవత్సరపు 4వ శాసనము రాజగోపాలాచారిగారి మంత్రివర్గమునాటిది. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ యంతయు దానిచే రద్దయ్యెను. అసలునకు రెండింతలు చెల్లించినవానికి బాకీయే తీరిపోయెను. అందులో ఒక చిన్న మినహాయింపు చూడదగినది. వేఱు ఆస్తి లేని స్త్రీకి రావలసిన అసలు 3 వేల రూపాయలకు మించనిచో, ఆ బాకీకి ఈ తగ్గింపు వర్తింపదు. పల్లెలో భర్త పోయిన ఆడుది తన స్త్రీధనమును వడ్డీకిచ్చి దానిపై బ్రదుకుట మీరెఱిగినదే. రైతుకు చేసిన మేలు ఆమె పొయ్యి నార్పకుండుటకు ఈ మినహాయింపు. సహకార సంఘముల బాకీలను సయితము శాసనము విడిచిపెట్టెను. దక్కనులో లేని ముందుచూపు ఇచట కొంత కలదు.

ఇక మనయెదుట జరిగినది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు సూక్ష్మఋణ సంస్థలపై ఆర్డినెన్సు జారీచేసిరి. పిమ్మట అది శాసనమయ్యెను. వారము వారము ఇంటిముందు కూర్చుండి వసూలుచేయుట, ఒకరి బాకీకై గుంపులోని తక్కిన ఆడువారిని నిలువదీయుట, ఆ అవమానము భరింపలేక కొందఱు ప్రాణములు తీసికొనుట - ఇవి దానికి కారణములు. సంస్థ జిల్లాలో నమోదు కావలెను. వసూలు నెలకొకసారి, బహిరంగ స్థలమున జరుగవలెను. మొత్తము వడ్డీ అసలును మించరాదు. ఈ నిబంధనలలో అన్యాయమైనది ఒక్కటియు మాకు గానరాదు.

ఐనను పర్యవసానము చూడుడు. వసూళ్ళు దాదాపుగా నిలిచిపోయెను. సంస్థలకు అప్పిచ్చు బ్యాంకులు భయపడి, మన రాష్ట్రములోనే గాక ఇతర రాష్ట్రములలో పనిచేయు సంస్థలకును సొమ్ము ఆపివేసెను. మన శాసనముతో ఏ సంబంధమును లేని దూరజిల్లాలలో, సకాలమున బాకీ చెల్లించిన స్త్రీలకును క్రొత్త అప్పు పుట్టలేదు. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఆ జిల్లాలను పరిశోధించి, అప్పుతో నిమిత్తములేని దినకూలీల కూలిరేట్లు సయితము తగ్గినవని కనుగొనిరి. కారణము తేటయే. చేతిలో సొమ్ములేని కుటుంబము ఖర్చు తగ్గించుకొనును. ఊరి చిన్న వ్యాపారము చిక్కును. పనికి పిలుచువారు తగ్గుదురు. పనికై వచ్చువారు పెరుగుదురు. మన రాష్ట్రముననే కుటుంబముల వాడుకఖర్చు తగ్గెనని రేణుకా సానే, సుసాన్ థామస్ గారల పరిశోధన తెలుపుచున్నది.

ఆ శాసనము చేయకుండవలసినదని మేమనము. అవమానము నాపుట అవశ్యమే. కాని ఒక వాకిలి మూయునాటికి మఱియొక వాకిలి తెఱచియుండవలెను. ఆనాడు ఎన్ని ప్రాథమిక సంఘములు చిన్నయప్పులీయ సిద్ధముగా నుండెనో మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. 2011లో రిజర్వు బ్యాంకు ఈ సంస్థలకు ప్రత్యేక నిబంధనలు చేసెను. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము, రిజర్వు బ్యాంకు అదుపులోనున్న సంస్థలకు రాష్ట్ర శాసనము వర్తింపదని తీర్పుచెప్పెను.

కౌలుదారు సంగతియు ఇట్టిదే. 1956 నాటి ఆంధ్రప్రాంత కౌలుదారీ శాసనము కౌలునకు కనీసము 6 సంవత్సరముల గడువు పెట్టెను. దానికి వెఱచి భూస్వాములు కాగితము వ్రాయుట మానిరి; కౌలు నోటిమాటయయ్యెను. కాగితము లేనివానికి బ్యాంకు అప్పు లేదు. తుపానుకు పైరు పోయిన పరిహారము పట్టాదారు పేరనే వచ్చును. 2011లో ఋణార్హత కార్డులు, 2019లో ఆంధ్రప్రదేశమున 11 నెలల ఒడంబడిక పత్రములు వచ్చుటకు కారణమిదియే. 2019 నాటి పత్రమునకు యజమాని సంతకము కావలెననిరి. వెఱపు పోనిదే సంతకము రాదు.

ఇంటి విషయము క్లుప్తముగా చెప్పెదము. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము, రైతుగాని కూలివాడుగాని తాను కాపురమున్న స్వంత యింటిని సాధారణ సొమ్ము డిక్రీక్రింద జప్తుచేయరాదు. ఈ రక్షణ తెలిసిన అప్పులవాడు ఇల్లు తనఖా వ్రాయుమనును. తనఖా పెట్టిన యింటికి ఈ రక్షణ యుండదు. కావున విత్తనములకై తెచ్చు స్వల్పపు అప్పునకు ఇంటిదస్తావేజు అడిగినపుడు, తాను విడిచిపెట్టుచున్నదేమో రైతు తెలిసి విడువవలెను.

న్యాయసహాయమునకు 1987 నాటి న్యాయసేవల అధికారసంస్థల శాసనము ఆధారము. అది 1995 నవంబరు 9వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, అంగవైకల్యము గలవారికి, వరద, కఱవు మున్నగు విపత్తులకు లోనైనవారికి ఆదాయముతో నిమిత్తములేకుండ ఉచితముగా వకీలునిత్తురు. తుపానుదెబ్బ తిన్న పట్టాదారుడును ఇందులో చేరునని మనవారిలో పలువురెఱుగరు. లోక్ అదాలతులో రాజీపడినచో కోర్టులో కట్టిన రుసుము తిరిగి వచ్చును. ఆ రాజీ డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. వ్యాజ్యము త్వరగా తెగుట ఎంత సుకరమో, తొందరపడి చేసిన సంతకము నంత బిగింపు. కావున అచటికి పోవు సభ్యుడు పాసుబుక్కును, చెల్లురసీదులను, నోటు నకలును వెంట తీసికొనిపోయి, అసలెంత, వడ్డీ యెంత, వాయిదా లెన్ని, తప్పిన నేమగునో తెలుగులో చదివించుకొని, పిమ్మటనే వ్రేలుముద్రగాని సంతకముగాని పెట్టవలెను. చదువురాని సభ్యునితో సంఘ కార్యదర్శి గాని, పంచాయతీదారులలో ఒకరు గాని వెళ్ళుట మంచిది.