హెడ్డు మార్చడం వచ్చా? కొలవడం వచ్చా?

టూవీలర్ షెడ్డులో చేరిన ఎవరికైనా విప్పడం, బిగించడం కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. హెల్పర్‌గా మిగిలిపోయేవాళ్లు అక్కడే ఆగిపోతారు. మెకానిక్ అయ్యేవాళ్లు ఆ తర్వాత ఏం నేర్చుకుంటారో చూడాలంటే చిన్న ఇంజిన్‌కు వేరే హెడ్డు వేసే పనిని గమనించండి.

స్ప్లెండర్‌నే తీసుకుందాం. 97.2 సీసీ, బోరు 50 మి.మీ., స్ట్రోకు 49.5 మి.మీ. ఇవే కొలతల ఇంజిన్ ప్యాషన్, సీడీ డాన్‌లలోనూ వచ్చింది. దాంతో పాత సామాను కొట్టులో దొరికిన హెడ్డు స్టడ్ల మీద చక్కగా కూర్చుంటే ‘సెట్టయింది’ అనేస్తారు. అసలు ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి.

మొదటిది కంప్రెషన్. నిష్పత్తి 9:1 అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ దాదాపు 12.15 సీసీ. కొత్త హెడ్డు గుంటలో ఒకటిన్నర సీసీ తగ్గితే చాలు, నిష్పత్తి 10 దాటుతుంది. ఇంజిన్ నాకింగ్‌కు దిగొచ్చు. రెండు సీసీలు పెరిగితే 8 కన్నా కిందికి పడి బండి లాగదు. దీన్ని తేల్చడానికి ఒక సిరంజి, కాస్త కిరోసిన్, ఒక గాజు పలక చాలు. పదో తరగతి లెక్కలు ఇక్కడ అన్నం పెడతాయి.

తర్వాత, వాల్వు పిస్టన్‌కు తగులుతుందా? పిస్టన్ మీద మెత్తటి మట్టి ముద్ద పెట్టి, గ్యాస్కెట్‌తో సహా హెడ్డు బిగించి, టైమింగ్ చైన్ వేసి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పండి. విప్పి ఆ ముద్దను కోస్తే మిగిలిన మందమే జవాబు. ఆయిల్ రంధ్రాలు ఎదురెదురుగా లేకపోతే మాత్రం వేరే పరీక్ష అక్కర్లేదు, ఆ హెడ్డు వద్దు. ఆయిల్ అందని క్యామ్‌షాఫ్ట్ ఎంతోకాలం బతకదు.

కస్టమర్ పికప్ కోసం అడిగాడని ఏదిపడితే అది వేయకండి. ఆర్సీలోని వివరాలు తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. ఈ మాట కస్టమర్‌కు ముందే చెప్పగలగడం కూడా పనితనమే.

ఇదంతా ఎక్కడ నేర్చుకోవాలి? పది పాసైతే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లు. పాలిసెట్ రాస్తే ఆటోమొబైల్ డిప్లొమా మూడేళ్లు. ఆ పైన అప్రెంటిస్‌షిప్. నా దృష్టిలో వీటన్నిటితో పాటు లేత్ షాపులో కొంతకాలం నిలబడటం తప్పనిసరి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బోరింగ్, వాల్వ్ సీటు కటింగ్ కళ్లారా చూడొచ్చు. వేలి మొనకు కొలత తెలిసేది అక్కడే.

మొదటి జీతంలో ఫీలర్ గేజ్, వెర్నియర్ కొనుక్కోండి. టార్క్ రెంచ్‌కు డబ్బు పోగేయండి. పాత ఇంజిన్ తుక్కు ధరకు దొరికితే ఇంటికి తెచ్చి, పైన చెప్పిన కొలతలన్నీ తీసి నోటుబుక్కులో రాయండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్‌తో పాటు ఆ నోటుబుక్కూ సర్వీస్ మేనేజర్ ముందు పెట్టండి.