ఆసుపత్రి కంప్యూటర్లో మన పేరు

అమెరికా ఆసుపత్రుల్లో కంప్యూటర్ల గురించి మాట మొదలైతే మనవాళ్ళు సాధారణంగా హిపా చట్టం దగ్గరికో, ఎపిక్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్ల దగ్గరికో వెళ్ళిపోతారు. నేను అంతకన్నా చిన్న ప్రశ్న దగ్గర మొదలుపెడతాను: వచ్చిన ఈ పేషెంటు ఎవరు? దీనికి జవాబు తప్పయితే ఆ తరవాత ఎంత గొప్ప సాఫ్ట్‌వేరున్నా ఒకరికి చెయ్యాల్సిన వైద్యం ఇంకొకరికి చేస్తుంది. ఆసుపత్రుల ఇంటర్‌ఫేసుల మీద చాలా ఏళ్ళుగా పని చేస్తున్నవాడిగా చెబుతున్నాను, ఈ ప్రశ్న దగ్గర తెలుగు పేర్లు పెట్టినంత ఇబ్బంది చాలా తక్కువ పేర్లు పెడతాయి.

ముందు కొంచెం నేపథ్యం. ప్రతి ఆసుపత్రిలోనూ మాస్టర్ పేషెంట్ ఇండెక్స్ అని ఒక పట్టిక ఉంటుంది. మనం మొదటిసారి వెళ్ళినప్పుడు కౌంటరు దగ్గర గుమాస్తా పేరు, పుట్టినరోజు, చిరునామా, ఫోను నంబరు కొట్టి వెతుకుతుంది. దొరక్కపోతే కొత్త మెడికల్ రికార్డు నంబరు పుడుతుంది. ఆ నంబరు హెచ్ఎల్7 సందేశాలెక్కి ల్యాబుకీ, ఎక్స్-రేకీ, ఫార్మసీకీ, బిల్లింగుకీ వెళ్తుంది. హెచ్ఎల్7 సంస్థ 1987లో మొదలయింది; నిలువు గీతలతో విడగొట్టిన ఆనాటి సందేశాలే ఇప్పటికీ చాలా ఆసుపత్రుల్లో రాత్రీ పగలూ నడుస్తున్నాయి.

ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరగొచ్చు. ఒకే మనిషికి రెండు నంబర్లు పుట్టడం మొదటిది. అప్పుడు పెన్సిలిన్ పడదన్న సంగతి ఒక ఫైల్లో ఉంటే, డాక్టరు తెరిచేది రెండో ఫైలు. ఇద్దరు మనుషులు ఒకే నంబరులో కలిసిపోవడం రెండోది. మొదటిదానిలో సమాచారం కనపడదు, రెండోదానిలో అబద్ధపు సమాచారం కనపడుతుంది. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం. ఖాళీగా ఉన్న ఫైలుని చూస్తే డాక్టరు నాలుగు ప్రశ్నలడుగుతాడు, నిండుగా ఉన్న ఫైలుని నమ్మేస్తాడు.

అందరికీ ఒక నంబరిస్తే గొడవ ఉండదు కదా అని మీకు అనిపించవచ్చు. 1996 నాటి హిపా చట్టం సరిగ్గా అదే చెప్పింది: డాక్టర్లకీ, ఇన్సూరెన్సు పథకాలకీ, ఉద్యోగమిచ్చేవాళ్ళకీ, పేషెంట్లకీ ప్రత్యేక సంఖ్యలుండాలని. డాక్టర్లకి పదంకెల ఎన్.పి.ఐ. సంఖ్య 2007 నాటికి వచ్చేసింది. పేషెంట్ల సంఖ్య మాత్రం రాలేదు. ప్రభుత్వం చేతికి ప్రజల ఆరోగ్య రహస్యాలు చిక్కుతాయన్న భయంతో, 1999 ఆర్థిక సంవత్సరం బడ్జెట్టులోనే ఆ పనికి పైసా ఖర్చు పెట్టకూడదని కాంగ్రెసు నిషేధం పెట్టింది. టెక్సస్ సభ్యుడు, స్వయంగా డాక్టరూ అయిన రాన్ పాల్ దీనికోసం గట్టిగా పట్టుబట్టాడు. 2019లో ప్రతినిధుల సభ ఆ నిషేధాన్ని ఎత్తెయ్యడానికి ఓటేసింది గాని తుది చట్టంలో ఆ సవరణ నిలవలేదు. ఇండియా ఇంకో దారి పట్టింది: 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద, కావాలనుకున్నవాళ్ళకి 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తున్నారు.

నంబరు లేదు కాబట్టి అమెరికాలో పేరూ పుట్టినరోజూ చూసి ఊహించడమే మిగిలింది. ఈ ఊహ ఎంత బలహీనమో హ్యూస్టన్‌లోని హ్యారిస్ కౌంటీ ఆసుపత్రుల లెక్క చూస్తే తెలుస్తుంది. 2011లో బయటికొచ్చిన ఆ లెక్క ప్రకారం సుమారు 35 లక్షల పేషెంట్లున్న ఆ డేటాబేసులో 2,488 మంది మరియా గార్సియాలున్నారు. అందులో 231 మందికి పుట్టినరోజు కూడా ఇంకో మరియా గార్సియాతో కలిసింది.

ఇప్పుడు మన పేర్ల సంగతికొద్దాం. మనకి ఇంటిపేరు ముందు, అమెరికాలో వెనక. చాలామంది పెద్దవాళ్ళ సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక పొడి అక్షరమే. పాస్‌పోర్టు చేయించేటప్పుడు ఏజెంటు "రావు" నో "అమ్మ" నో విడగొట్టి ఇంటిపేరు గడిలో పడేస్తాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరయిపోయి మొదటి పేరు దగ్గర ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. వెయిటింగ్ రూములో నర్సు తలుపు తీసి "ఫ్నూ, ఫ్నూ" అని పిలుస్తుంటే, అది తననే అని తెలియక మూలన కూర్చున్న పెద్దాయన్ని నేను చూశాను.

పేర్లు పోల్చడానికి పాతకాలపు పద్ధతి సౌండెక్స్. రాబర్ట్ రస్సెల్ 1918లో పేటెంటు పొందిన ఈ పద్ధతిని జనాభా లెక్కల సూచికలకి చాలాకాలం వాడారు. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, మిగిలిన హల్లుల్ని ఆరు గుంపులుగా చేసి అంకెలిస్తారు. క వర్గం, చ వర్గం అని చదువుకున్న మనకి ఇదేమీ వింత కాదు. లక్ష్మి అన్న పేరుని ఇంగ్లీషులో కె-ఎస్-హెచ్ తో రాసినా, ఎక్స్ తో రాసినా ఎల్250 అనే వస్తుంది. ఇంతవరకూ భేషు. కాని జ్ఞానేశ్వర్‌ని ఒకరు జి తో మొదలుపెడతారు, ఒకరు జె తో. ఒకటి జి552, రెండోది జె552, ఇద్దరూ వేరు మనుషులే అంటుంది సౌండెక్స్. ఇక రావు చూడండి: హల్లు ఒక్కటే కనక ఆర్000. రాయ్ అన్నా ఆర్000, రే అన్నా ఆర్000.

దీనికన్నా మెరుగైనదని ఇప్పుడు చాలాచోట్ల జారో-వింక్లర్ వాడతారు. అమెరికా సెన్సస్ బ్యూరోలో పనిచేసిన జారో, 1985లో టాంపా నగరంలో జరిపిన ప్రయోగాత్మక జనగణన కోసం దీన్ని తయారుచేశాడు. 1990లో వింక్లర్ ఒక సవరణ చేర్చాడు: రెండు పేర్లకీ మొదటి నాలుగక్షరాలు కలిస్తే అదనపు మార్కులు. టైపు చేసేవాళ్ళు పేరు మొదట్లో తక్కువ తప్పులు చేస్తారన్నది దాని వెనకున్న ఆలోచన. ఇంగ్లీషు పేర్లకి ఇది బాగానే పనిచేస్తుంది. మన పేర్లలో మొదట్లో ఉండేది చాలాసార్లు దేవుడు! వెంకటరమణ, వెంకటలక్ష్మి, వెంకటేశ్వర్లు, వెంకాయమ్మ, అందరికీ మొదటి నాలుగక్షరాల బహుమతి వచ్చేస్తుంది. రమణకీ రమణికీ తేడా ఎక్కడుంది? చివర. సుబ్బారావుకీ సుబ్బమ్మకీ తేడా కూడా చివరే. మనిషిని గుర్తుపట్టించే సంగతి మన పేర్లలో తోకలో ఉంటే, ఈ పద్ధతి తలకి మార్కులేస్తుంది.

అక్షరాలు పోల్చాక ఆ మార్కులన్నీ కలపాలి. దీని సిద్ధాంతం 1969లో కెనడాలో ఫెల్లెగీ, సంటర్ అనే ఇద్దరు గణాంకవేత్తలు రాశారు. ఆలోచన చాలా సులువు. ఒక అంశం, ఉదాహరణకి ఇంటిపేరు, ఒకే మనిషి రికార్డుల్లో కలిసే అవకాశం ఎంత? ఇద్దరు వేరువేరు మనుషుల మధ్య కాకతాళీయంగా కలిసే అవకాశం ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగించి, 2 ఆధారంగా లాగరిథమ్ తీస్తే అదే ఆ అంశం బరువు. ఊహించిన అంకెలతో చూద్దాం. ఒకే మనిషి విషయంలో ఇంటిపేరు 95 శాతం సార్లు కలుస్తుందనుకుందాం. ఆ ఇంటిపేరు వెయ్యిమందిలో ఒకరికుంటే బరువు సుమారు 9.9. అదే ఇరవైమందిలో ఒకరికుంటే 4.2. అరుదైన పేరు కలిస్తే ఎక్కువ నమ్మకం, మామూలు పేరు కలిస్తే తక్కువ నమ్మకం. తర్కం సరైనదే. కాని ఈ అవకాశాలు ఎవర్ని చూసి లెక్కకట్టారు? రాష్ట్రం మొత్తం జనాభాని చూస్తే రెడ్డి అరుదైన పేరు. మనవాళ్ళు గుంపుగా ఉండే రెండు మూడు పిన్‌కోడ్‌ల పక్కనున్న ఆసుపత్రిలో అది అరుదా?

పుట్టినరోజు ఇంకా పెద్ద చిక్కు. మామూలుగా అందరికన్నా ఎక్కువ బరువు దానిదే. యాదృచ్ఛికంగా రెండు పుట్టినరోజులు కలిసే అవకాశం పాతిక వేలలో ఒకటనుకుంటే బరువు 14.6 దాకా వస్తుంది. మన తల్లిదండ్రుల తరంలో బళ్ళో చేర్చేటప్పుడు మాస్టారు చూసి రాసిన తేదీయే పుట్టినరోజు. బడులు తెరిచే కాలం కనక జూన్ 1, లేకపోతే జులై 1. ఒక గుంపులో పదోవంతు మందికి జులై 1 ఉండి, వాళ్ళు నలభై ఏళ్ళ మీద పరుచుకుని ఉన్నారనుకుంటే, అవకాశం నాలుగు వందల్లో ఒకటవుతుంది, బరువు 8.6కి పడిపోవాలి. పడిపోదు. ఎందుకంటే ప్రోగ్రాముకి ఆ మాస్టారి సంగతి తెలియదు.

ఇవన్నీ కలిసొస్తే ఏమవుతుందో ఒక ఆసుపత్రిలో దగ్గర్నుంచి చూశాను. పేరెందుకు లెండి. ఇండియా నించి పిల్లల దగ్గరికొచ్చిన ఇద్దరు పెద్దావిడలు. ఇంటిపేరు ఒకటే, పేర్లు రెండూ వెంకట తోనే మొదలు, ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ ఒకే సంవత్సరం జులై 1. ఒకే అపార్ట్‌మెంటు సముదాయం, గుమాస్తా అపార్ట్‌మెంటు నంబరు వెయ్యలేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇద్దరికీ లేదు కనక ఆ గడిలో తొమ్మిది తొమ్మిదులు కొట్టారు. ఆ తొమ్మిదులు "కలిశాయి" కాబట్టి దానికీ మార్కులొచ్చాయి! మొత్తం గీత దాటింది, రాత్రికి రాత్రి నడిచే ప్రోగ్రాము రెండు ఫైళ్ళనీ కలిపేసింది.

తరవాత ఆ ఇద్దరిలో ఒకావిడ పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని వచ్చింది. ఫైల్లో వార్ఫరిన్ వాడుతున్నట్టుంది. అలాంటి మందేదీ మా అమ్మ వాడదు అని కూతురు మొత్తుకుంది. రక్తం పలచబడిన సూచన పరీక్షలో లేదు. అయినా మాత్ర మానేసి ఉంటుందిలే అనుకున్నారు. చివరికి పట్టుకున్నది బ్లడ్ బ్యాంకు టెక్నీషియను. పాత రికార్డులో ఏ పాజిటివ్, ఇప్పుడు తీసిన నమూనా బి పాజిటివ్. మనిషి రక్తం గుంపు మారదు కదా. రక్తం ఎక్కించకుండా ఆపింది, ఆపరేషను మళ్ళీ నమూనా తీసిందాకా ఆగింది. ఆవిడ క్షేమంగానే ఇంటికెళ్ళింది.

విడదీసే పనిలో నేనున్నాను. ఫైళ్ళు కలపడానికి ఏ40 అని ఒక హెచ్ఎల్7 సందేశం చాలు. విడదీయడానికి అంత సులువైన సందేశం లేదు. కలిపిన వార్త అప్పటికే ల్యాబుకీ, ఎక్స్-రేకీ, ఫార్మసీకీ, బిల్లింగుకీ వెళ్ళిపోయింది, ఒక్కొక్క సిస్టమూ దాన్ని ఒక్కోలాగ మింగింది. తేదీలు చూసి ల్యాబు ఫలితాలు వేరుచేశాం. కలిసిపోయిన తరవాత డాక్టరు రాసిన నోట్సులో ఇద్దరి చరిత్రలూ ఒకే వాక్యంలో ఉన్నాయి. పాలనీ నీళ్ళనీ వేరుచేసే హంసకి కూడా అది సాధ్యం కాదు. ఆ నోట్సు రెండు ఫైళ్ళలోనూ హెచ్చరికతో ఉంచాల్సి వచ్చింది.

మీ అమ్మానాన్నలు వస్తుంటే చెయ్యగలిగినవి ఒకటి రెండు ఉన్నాయి. ప్రతి కౌంటరులోనూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, ఆ వరసలోనే, అదే పుట్టినరోజుతో ఇవ్వండి. అసలు వయసు డాక్టరుకి విడిగా చెప్పండి. జులై 5ని మన అలవాటు ప్రకారం రోజు ముందు రాస్తే ఇక్కడ మే 7 అయిపోతుంది. ఇంటికొచ్చాక పేషెంటు పోర్టల్లో మందుల జాబితా చదవండి. మీది కానిదేదైనా ఉంటే రాతపూర్వకంగా దిద్దమని అడిగే హక్కు హిపా ఇచ్చింది, 60 రోజుల్లో జవాబివ్వాలి.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఒక మాట: కొత్త ప్రమాణమైన ఫైర్‌లో పేరంతా ఒకేచోట ఉన్నదున్నట్టు పెట్టే గడి ఉంది. ఇంటిపేరు తప్పనిసరి కాదు. పేషెంటుని వెతికితే "ఖాయం", "బహుశా", "కావచ్చు", "కానే కాదు" అని జవాబుకి ఒక స్థాయి కూడా జోడించవచ్చు. అది ఉంటే వాడుకోండి. "బహుశా"ని ఖాయం కింద జమకట్టే కోడు నేను చాలాచోట్ల చూశాను.

ఆ సంఘటన తరవాత మేం మొదటి నాలుగక్షరాల బహుమతి తీసేశాం, తొమ్మిదుల నంబర్లని లెక్కలోంచి తప్పించాం, జూన్ 1, జులై 1 తేదీలకి బరువు తగ్గించాం. మనిషి కళ్ళతో చూడాల్సిన జంటల వరస బాగా పెరిగింది, రికార్డుల విభాగం వాళ్ళు కొన్నాళ్ళు మా మీద విసుక్కున్నారు కూడా. ఇంకా తేలనిది కవలపిల్లల సంగతి. అదే ఇంటిపేరు, అదే తేదీ, అదే చిరునామా. పైగా మనకి బారసాల దాకా పేరుండదు. శిశువుల్ని ఒట్టి "బేబీ గర్ల్" అని రాయకుండా తల్లి పేరు కలిపి విడివిడిగా రాయాలని జాయింట్ కమిషన్ 2019 జనవరి నించి నిబంధన పెట్టింది. ఆ లెక్కన ఒక పాప "లక్ష్మీస్ గర్ల్ ఎ", ఇంకో పాప "లక్ష్మీస్ గర్ల్ బి". బారసాల అయ్యాక ఇద్దరికీ పేర్లు మారుస్తూ వచ్చే రెండు సందేశాలు ఏ పాపకి ఏవో తప్పకుండా చేరేలా చూడడం ప్రస్తుతం నా బల్ల మీదున్న పని.