గుడ్డు చెప్పిన మాట

వేటపాలెం మగ్గాల ఊరు. ఆ ఊళ్లో ఒక నేతపని వారి ఇల్లు. ఇంట్లో అత్త, కొడుకు, కోడలు ఉన్నారు. కొడుకు మగ్గం నేస్తాడు. కోడలు కండెలు చుడుతుంది. పెరట్లో ఐదు కోడిపెట్టలు ఉన్నాయి. గుడ్లు అమ్మిన డబ్బు కోడలి చేతిలోనే ఉంటుంది. ఉప్పుకైనా, సబ్బుకైనా ఆ డబ్బే.

కోడలికి ఇప్పుడు ఐదో నెల.

ఒకరోజు పొద్దున్నే కోడలు గంప ఎత్తింది. ఎర్రపెట్ట కింద ఒక గుడ్డు ఉంది. దానికి పెంకు లేదు. ముట్టుకుంటే తోలుసంచిలా మెత్తగా ఉంది.

"అత్తా, ఇటు చూడు. ఇదేం గుడ్డు?"

అత్త చూసింది. ఆమె గుండె గుభేలుమంది.

"తోలుగుడ్డే! ఇంటికి అరిష్టం. కడుపుతో ఉన్నదానివి, ముట్టుకోకు. ఆదివారం ఆ పెట్టను కోసేద్దాం" అంది.

కోడలికీ భయం వేసింది. కానీ ఆ పెట్టే అన్నిటికన్నా ఎక్కువ గుడ్లు పెడుతుంది. కోస్తే ఒక పూట కూర. ఉంచితే నెలనెలా డబ్బు. ఏం చేయాలి?

కోడలు ఈమధ్యనే చదువు నేర్చుకుంది. గుడ్ల లెక్క పుస్తకంలో రాస్తోంది. ఆ పుస్తకం తీసి చదివింది.

సోమవారం: 1. పెంకు పలచన.
మంగళవారం: 1. పగిలింది.
బుధవారం: లేదు.
గురువారం: తోలుగుడ్డు.

"అత్తా, ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. సోమవారం నుంచే తేడా ఉంది. డాక్టరుకు చూపిద్దాం" అంది.

ఇద్దరూ పెట్టను తీసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ పుస్తకం చదివింది. పెట్ట పొట్ట తడిమి చూసింది.

"మేత ఏం పెడుతున్నారమ్మా?"

"నూకలు, తవుడు."

"అదే కారణం. ఇది గ్రామప్రియ జాతి పెట్ట. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన జాతి. నాటుపెట్ట కన్నా ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఎక్కువ గుడ్లకు ఎక్కువ సున్నం కావాలి. దీనికి సున్నం చాలలేదు. అంతే. అరిష్టమేమీ కాదు పెద్దమ్మా!"

గుడ్డు ఎలా తయారవుతుంది?

కోడి కడుపులో ఎడమ పక్కన అండాశయం ఉంటుంది. అందులో ద్రాక్షగుత్తిలా పచ్చసొనలు ఉంటాయి. ఎదిగిన సొన ఒక గొట్టంలోకి జారుతుంది. దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది. దానిపైన పలచని పొర కడుతుంది. చివరికి పెంకు కడుతుంది. మొత్తం ఒక రోజుకు కొంచెం పైనే పడుతుంది. అందులో పెంకు కట్టడానికే సుమారు 20 గంటలు కావాలి.

పెంకులో దాదాపు అంతా సున్నమే. సున్నంలోని సత్తువనే కాల్షియం అంటారు. మేతలో అది చాలకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. అదీ చాలకపోతే పెంకు పలచబడుతుంది. తర్వాత తోలుగుడ్డు పెడుతుంది.

డాక్టరమ్మ కోడలి వైపు చూసింది.

"నీకు ఇచ్చిన కాల్షియం మాత్రలు వేసుకుంటున్నావా?"

కోడలు తల దించుకుంది. అత్తే చెప్పింది. "నేనే వద్దన్నాను. బిడ్డ లావైపోతే కాన్పు కష్టమంట కదమ్మా?"

"అది ఉత్త మాట. నేను పశువుల డాక్టరును. మాత్రలు ఎప్పుడెలా వేసుకోవాలో మీ నర్సమ్మ చెబుతుంది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. కోడి ఎముకల్లోంచి పెంకుకు సున్నం పోయినట్టే, తల్లికి తిండి చాలకపోతే ఆమె ఎముకల్లోంచి బిడ్డకు పోతుంది. ఇచ్చేవాళ్లకు ముందు మనం పెట్టాలి."

అత్త ఏమీ మాట్లాడలేదు.

ఏ గుడ్డు ఏం చెబుతుంది?

1. పలచని పెంకు, తోలుగుడ్డు: కాల్షియం చాలలేదు. రోహిణి కార్తె ఎండల్లో కోళ్లు మేత తగ్గిస్తాయి. అప్పుడూ పెంకు పలచబడుతుంది. నీడ, చల్లని నీళ్లు ఉండాలి. తోలుగుడ్డు తినకూడదు. మురికి లోపలికి పోతుంది.

2. రెండు సొనల గుడ్డు: రెండు సొనలు ఒకేసారి జారాయి. తినవచ్చు. పొదగేయవద్దు. పిల్ల రావడం చాలా అరుదు.

3. బుల్లిగుడ్డు: కొత్తగా గుడ్లకు వచ్చిన పెట్ట పెడుతుంది. ఒక్కోసారి లోపల పచ్చసొన ఉండదు. భయం లేదు.

4. నెత్తుటి చుక్క: సొన జారేటప్పుడు సన్నని నరం చిట్లింది. చుక్క తీసేసి, బాగా ఉడికించి తినవచ్చు.

ఏం చేయాలి?

రామాపురం సముద్రపు ఒడ్డున గుల్లలు, ఆల్చిప్పలు దొరుకుతాయి. వాటిని కడిగి, ఎండబెట్టి, నూకల్లా దంచాలి. మేతలో కలపకుండా వేరే మూకుడులో పెట్టాలి. కోడి తనకు కావలసినంత తింటుంది. ఆకుకూరలు కూడా వేయాలి. తాంబూలం సున్నం మాత్రం పెట్టవద్దు. నోరు పొక్కుతుంది.

పెట్ట తోక దించి, ముక్కుతూ కూర్చుంటే గుడ్డు అడ్డుపడి ఉండవచ్చు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూర్చోబెట్టండి. గుడ్డును లోపల పగలగొట్టవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చాలా పెట్టలు ఒకేసారి గుడ్లు మానేసినా, తోలుగుడ్లు పెట్టినా అది జబ్బు కావచ్చు. మెడ తిరగడం, పచ్చగా పారడం ఉంటే కొక్కెర తెగులు కావచ్చు. దానికి ముందే టీకా వేయించాలి. కోళ్లు వరుసగా చనిపోతే ముట్టుకోవద్దు, కోసి తినవద్దు. డాక్టరుకు కబురు చేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చిన బర్డ్ ఫ్లూ అలాంటి జబ్బే.

ఆ ఆదివారం ఎర్రపెట్టను కోయలేదు. రెండు వారాలు గడిచాయి. కోడలు పుస్తకంలో ఇలా రాసింది.

సోమవారం: 1. పెంకు గట్టి.

అప్పుడే అత్త వచ్చింది. ఒక చేతిలో నీళ్ల గ్లాసు, ఒక చేతిలో మాత్ర.

"ముందు ఇది వేసుకో. లెక్క తర్వాత రాద్దువులే" అంది.

మాట్లాడుకోండి

1. అత్త ఎందుకు భయపడింది? ఆమె భయం ఎలా పోయింది?
2. గుడ్ల లెక్క రాయడం వల్ల కోడలికి ఏం మేలు జరిగింది?
3. మీ ఇంట్లో అందరికీ పెట్టి చివర్లో తినేది ఎవరు? ఆమెకు ఏం మిగులుతోంది?

చేసి చూడండి

మీ కోళ్ల గుడ్ల లెక్క ఒక వారం రాయండి. గుడ్డు ఎలా ఉందో పక్కన రాయండి. వారం చివర చదివి పక్కింటి వారికి వినిపించండి.